పాడ్‌కాస్టు - పల్లెపాట



నందిపేట్ ప్రాంతమున గోదావరి ఒడ్డున డప్పు మ్రోగినచో ప్రక్క ఊరివరకు వినవచ్చును. పాట అంతకు మించి సాగవలెనన్న చాలకాలము గ్రామఫోను, రేడియో, సినిమా, ఈ మూడే దారులు. మూడింటను ఎంపిక చేయువారు వేరొకరు, వ్యవధియు స్వల్పము.

నిజామాబాదు జిల్లాలో చిందు ఎల్లమ్మగారు తమ జీవితమంతయు చిందు భాగవతము ఆడి పాడిరి. రాత్రి తెల్లవారునంతవరకు సాగు ఆ కథాగానము పావుగంటలో ఇముడునా? ఆమె 2005లో కీర్తిశేషులైరి. ఆ సంవత్సరము జూన్ నెలలోనే ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులకు చోటిచ్చినది.

పేరు విదేశీయమైనను పని సులభము. ధ్వనిముద్రణను ఇంటర్నెట్టులో ఉంచి, దాని జాడను ఒక పట్టికకు జతపరచుదురు. ఒకమారు చందాదారుగా చేరిన శ్రోత ఫోనునకు క్రొత్త భాగము, గుమ్మములో పడు వార్తాపత్రికవలె, తనంతట వచ్చి చేరును. చాలవాటికి రుసుము లేదు. తీరికవేళ వినవచ్చును, నిడివికి హద్దు లేదు.

ఇందు స్వతంత్ర గాయకులకు మేలెట్లు కలిగినది? తొలినాటి పాడ్‌కాస్టు నిర్వాహకులకు పెద్ద కంపెనీల పాటలు అనుమతి లేక వినిపించుటకు వీలుకాలేదు. అందుచే తమ పాటపై తమకే హక్కు గల గాయకులను వెదకిరి. 2005లో ఆడమ్ కర్రీ ప్రభృతులు అట్టి పాటలను ‘పాడ్‌సేఫ్’ అను పేర ఒకచోట చేర్చిరి. ఎవరికిని తెలియని గాయకుని పాట ఆ విధముగా దూరదేశపు శ్రోతకు చేరినది.

పాటతోపాటు మాటకును ఇందు చోటున్నది. ఇది నాట్లవేళ పాడునదా, పెండ్లినాడు పాడునదా, ఎవరివద్ద నేర్చితిరి అని గాయకుడే చెప్పవచ్చును. కథకై వచ్చిన శ్రోత పాటకై నిలుచును. దీనివలన వెంటనే ధనము రాకపోవచ్చును. పరిచయము కలుగును, పరిచయమువలన పిలుపు వచ్చును.

ఒక్క జాగ్రత్త అవసరము. పల్లెపాటను ఎవరో ముద్రించి, పాడినవారి పేరు లేక ప్రచారము చేయుట తరచు జరుగుచున్నది. సంప్రదాయ గీతము అందరిదే కావచ్చును. పాడిన కంఠము ఒకరిదే. 1994 నాటి సవరణచే మన చట్టము ప్రదర్శకునికిని హక్కు నిచ్చినది.

మీ ఇంట అవ్వ పాట ఫోనులో ముద్రించునప్పుడు ముందు ఆమె అనుమతి కోరవలెను. పిమ్మట మొదటి మాటగా ఆమె పేరు, ఊరు చెప్పించవలెను. పాట అటుపిమ్మట వినవచ్చును.