దవాత్‌కు వంకర మూత

(పిల్లల బొమ్మల ప్రదర్శన నాడు చేసిన ప్రసంగ పాఠం)



మేము లెక్కలు చెప్పేవాళ్ళమే గాని చిత్రకారులము కాము. అయినా ఒక బొమ్మ విషయంలో మేము చేసిన పొరపాటు మీ ముందు చెప్పుకోవలసి ఉన్నది.

మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఉర్దూలో లెక్కలు నేర్పడానికి సొంతంగా వెబ్‌సైటు పెట్టుకున్నాడు. దానికొక గుర్తు బొమ్మ (మస్కట్ అంటారు గదా) కావాలని తానే గీసి తెచ్చాడు. సిరాబుడ్డి. మన ఇళ్ళలో దవాత్ అంటామే, అదే. సన్నటి రెండు కాళ్ళు, ఒక కాలికే చెప్పు. మూత టోపీ మాదిరి పక్కకు ఒరిగింది. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. లెక్క తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడి మొగం!

మేము ఊరుకున్నామా? స్కేలూ కంపాసూ తీసి మూత నిటారుగా పెట్టించాము. కళ్ళు సమానం చేయించాము. రెండో చెప్పు కూడా తొడిగించాము. తీరా చూస్తే సిరా సీసా మీద అంటించే లేబులు తయారైంది. "అచ్ఛా హై, సర్" అన్నాడు అబ్బాయి. ఆ "అచ్ఛా" ఎటువంటిదో బడిపంతులుకు తెలియకపోతుందా? నెల గడిచినా వెబ్‌సైటులో బొమ్మ రాలేదు.

అప్పుడు మాకు పాత బొమ్మలు గుర్తుకొచ్చినాయి. 1954లో ఏషియన్ పెయింట్స్ కోసం ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు ఉన్నాడు, నుదుటి మీద జుట్టు పడే అల్లరి పిల్లవాడు. వాడికి తల దువ్వి ఉంటే ఎవరు చూసేవారు? 1966 నాటి అమూల్ పాప జుట్టు నీలం. లోకంలో ఎవరి జుట్టు నీలంగా ఉంటుందండీ? లినక్స్ కోసం 1996లో లారీ ఎవింగ్ చేసిన పెంగ్విన్ అయితే పొట్ట నిండా తిని చతికిలబడ్డట్టే ఉంటుంది.

అబ్బాయి ఇంటికి పోయి, తప్పు మాది, మొదటి కాగితం తియ్యి నాయనా అన్నాము. పారేయలేదు, కంపాసు పెట్టెలోనే మడిచి దాచుకున్నాడు. మాకు సిగ్గేసింది.

నిజంగా దిద్దవలసినవి వేరే ఉన్నాయి. దవాత్ కుడివైపుకు చూస్తున్నది. ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకు పోతుంది. పేజీకి కుడి అంచున నిలబెడితే పాఠానికి వీపు పెట్టినట్టే. కంప్యూటరులో తిప్పితే బుడ్డి మీది జీమ్ అక్షరం తిరగబడింది. అందుకని మళ్ళీ చేత్తోనే గీశాడు. పెన్సిలు గీత ఫోను ఫోటోలో బూడిదరంగుగా వస్తున్నదని నల్ల సిరాతో లావుగా దిద్దాడు. గోరంత చేసి చూస్తే చెప్పు కనబడలేదు గాని, వంకర మూత మటుకు నిలిచింది. అదే గుర్తు.

కళ్ళు ఎన్నిసార్లు గీసినా ఒకే తీరున రావాలని ఇరవై కాగితాలు ఖర్చు చేశాడు. కాని పోయిన నెల కొత్త పాఠంలో చెప్పు రెండో కాలికి వచ్చింది. మూడో తరగతి పాప ఒకతె కనిపెట్టి, దవాత్ భాయి చెప్పు మార్చుకున్నాడేమని అడిగింది. జవాబు అబ్బాయినే చెప్పుకోమన్నాము. మేము ఈసారి స్కేలు బయటికి తియ్యలేదు.