హోటల్ గెస్ట్ ముందు వెళ్తే మన లైను ఆగుతుందా?

ఈ రోజు టాపిక్ థీమ్ పార్కుల్లో క్యూలు. క్యూ గురించి కూడా ఎపిసోడ్ ఏంటి బ్రో అనకండి. మీరు పెట్టిన టికెట్ డబ్బుకి ఎన్ని రైడ్లు దొరుకుతాయో తేల్చేది ఆ క్యూనే.

మన బెజవాడ నుంచి హైదరాబాద్ హైవే ఎక్కితే, సిటీ కంటే ముందే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. 1996లో మొదలైంది. ప్రపంచంలోనే పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ రికార్డు కూడా ఉంది. లోపలే సితార, తార అని హోటళ్లున్నాయి. మనం తెల్లారకముందే బయల్దేరి, నాలుగు గంటలు ప్రయాణం చేసి, పార్కింగ్, టికెట్టు, లోపలికి బస్సు, ఇవన్నీ దాటాలి. రాత్రి సితారలో పడుకున్నవాళ్లు అప్పటికే లోపలున్నారు. స్పెషల్ పాస్ ఏమీ లేకపోయినా అదే వాళ్లకి పెద్ద ప్లస్.

అమెరికాలో దీన్నే ఒక సిస్టమ్‌గా చేశారు. ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్‌లో, సొంత హోటళ్లలో దిగినవాళ్లని అందరికంటే 30 నిమిషాలు ముందు పంపిస్తారు. ఇంతకుముందు రోజుకో పార్కుని ముందుగా తెరిచేవాళ్లు. దాంతో హోటల్ జనమంతా ఆ పార్కు మీదే పడేవాళ్లు. 2021 నుంచి నాలుగు పార్కుల్లోనూ, ప్రతి రోజూ ఇస్తున్నారు. జనం నాలుగు వైపులా సర్దుకున్నారు.

యూనివర్సల్ ఓర్లాండో రూటు వేరు. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్, ఈ మూడు ఖరీదైన హోటళ్లలో రూమ్ తీసుకుంటే రెండు పార్కుల్లో ఎక్స్‌ప్రెస్ పాస్ ఫ్రీ. అంటే మధ్యాహ్నం రష్‌లో కూడా పక్క లైన్లో వెళ్లిపోవచ్చు.

రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ కాదు. లెక్క చూడండి. ఒక రైడ్ గంటకి 600 మందిని ఎక్కిస్తుంది అనుకుందాం. మీ ముందు 600 మంది ఉంటే గంటలో మీ వంతు వస్తుంది. అందులో సగం సీట్లు పక్క లైనుకి ఇస్తే? మీకు రెండు గంటలు. రైడ్‌లో ఒక్క సీటు కూడా పెరగలేదు. వాళ్లకి మిగిలిన టైమ్ మన జేబులోంచి పోయింది, అంతే. అదే పొద్దున్నే అరగంట ముందు పంపిస్తే, ఖాళీగా తిరిగే సీట్లు నిండుతాయి. మనకి పోయేది చాలా తక్కువ.

బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్లకి గుర్తుండాలి: ప్రయారిటీ ఉన్న పనులే వస్తూ ఉంటే, వెనక ఉన్నది స్టార్వేషన్‌లో పడుతుంది. దానికి మందు ఏజింగ్. ఎంతసేపు ఆగితే అంత ప్రయారిటీ పెరగాలి. అంత టెక్నాలజీ కూడా అక్కర్లేదు. ప్రతి 10 సీట్లలో 2 కంటే ఎక్కువ పక్క లైనుకి ఇవ్వం అని పార్కు రూల్ పెట్టుకుంటే చాలు.

దసరాకి ఇంద్రకీలాద్రి ఎక్కినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. పక్క లైను కదులుతూ, మన లైను కదలకపోతే కడుపు ఎలా మండుతుందో తెలుసు. ఏడాదికోసారి వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లే ఇంటికి రెండు గంటలంటే సగం రోజు.

అందుకే ఈసారి బుక్ చేసే ముందు ధర ఒక్కటే చూడకండి. అక్కడ పక్క లైను ఉందా, ఉంటే రోజుకి ఎన్ని పాసులు అమ్ముతారు, ఈ రెండూ అడగండి. వీలైతే వీకెండ్ మానేసి మామూలు రోజు వెళ్లండి. లోపలికి వెళ్లగానే ఎక్కువ రష్ ఉండే రైడ్ ముందు ఎక్కేయండి.

మరి మీరేమంటారు? డబ్బుంటే లైను దాటడం కరెక్టేనా? కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!