ముందు వినుట, పిదప పలుకుట

(భిలాయిలో తెలుగు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనమున, హామ్ రేడియో ప్రదర్శన సందర్భమున చేసిన ప్రసంగము)

 

నేను కళాశాలలో చరిత్ర చదివినవాడను. సచివాలయమున ఫైళ్లు చదువుచున్నవాడను. ఇంటిలో ఫ్యూజు పోయినచో పొరుగువారిని పిలుచుకొను మీకు రేడియోను గూర్చి మాటలాడు అర్హత యేమున్నదని మా శ్రీమతి యడిగినది. అర్హత లేదు, అక్కర మాత్రము కలదు. అదేమో మొదట మనవి చేసెదను.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకొనిపడినది. అప్పుడు నేను ఢిల్లీలో నుంటిని. మా అమ్మగారు విశాఖలో ఒంటరిగా నుండిరి. ఫోను మూగవోయినది. రెండు దినములు ఆ యొక్క నంబరునే నొక్కుచు కూర్చుంటిని. మూడవనాడు పొరుగింటాయన యెక్కడనో సిగ్నలు దొరికించుకొని “అమ్మగారు క్షేమము” అని చెప్పెను. ఆ రెండు మాటలకై పడిన ఆరాటము మీలో పెక్కుమందికి క్రొత్త కాదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇచ్చటి తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన కాలము నుండి ఎందరో తెలుగువారు ఈ ఉక్కునగరమున స్థిరపడిరి. కాపుర మిచ్చట, కన్నవారు సముద్రతీరమున. నడుమ తూర్పు కనుమలు, 400 కిలోమీటర్లకు పైబడిన దూరము.

టవరులు కూలినను ఈ దూరమును దాటగల సాధనమే, మీరిప్పుడు ఆ బల్లపై చూచిన హామ్ రేడియో. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, రెండు చెట్ల నడుమ కట్టిన తీగ – ఇంతే దాని సంసారము. దానినుండి వెలువడు హ్రస్వతరంగములు వందల కిలోమీటర్ల యెత్తుననున్న అయనావరణమును తాకి, గోడకు కొట్టిన బంతివలె మరల నేలకు దిగును. కొండలు వాని కడ్డురావు. అయితే పగటికి పనికివచ్చు తరంగము రాత్రికి పనికిరాకపోవచ్చును. ఎప్పుడేది వాడవలెనో అభ్యాసముచేతనే తెలియును.

ఈ విద్య మన దేశమునకు 1921లో కలకత్తాలో వచ్చినది. హైదరాబాదున 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నెలకొన్నది. 2005 మే 5న మన శ్రీహరికోట నుండి హామ్‌ల కొరకే 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహము ఎగిరి, 2014 వరకు సేవచేసినది.

ఆ హైదరాబాదు సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమానుకు వెళ్లిరి. విపత్తును ఊహించి వెళ్లలేదు. ప్రపంచమందలి హామ్‌లను అరుదైన ఆ దీవులనుండి పలుకరించుటకే వెళ్లిరి. 26వ తేదీన సునామీ వచ్చినది. ఫోనులు పలుకని ఆ దినములలో ఆమె స్టేషను ద్వారా ద్వీపవాసుల క్షేమవార్తలు ఆవలి తీరమునకు చేరినవి. వినోదముగా నేర్చినది విపత్తున అక్కరకు వచ్చినది. నేను చెప్పదలచినది ఇదియే. తుపాను వచ్చిన పిదప ఈ విద్య నేర్వలేము. ముందే మన యింటిలో నుండవలెను.

చిరంజీవులారా! ఈ విద్యలో మొదటి పాఠము మాటలాడుట కాదు, వినుట. అవతల నెవరైన సంభాషించుచున్నారేమో విని, ఖాళీ యున్నదని తెలిసికొనిన పిమ్మటనే పిలువవలెను. ఒకరు ముగించువరకు రెండవవారు వేచియుండవలెను. మా కార్యాలయ సమావేశములలో సైతము ఈ నియమ మున్న నెంత బాగుండును! గరగరల నడుమ పేరు తెలియుటకై అక్షరమున కొక మాట చెప్పుదురు. ‘రమ’ యనుటకు రోమియో, ఆల్ఫా, మైక్, ఆల్ఫా. సంభాషణ కాగానే తేదీ, వేళ, తరంగసంఖ్య పుస్తకమున వ్రాసికొందురు. దూరదేశపు మిత్రుడు జ్ఞాపికగా కార్డు పంపును. అంతరిక్షమునుండియు పలుకు రావచ్చును: 2025 జులైలో శుభాంశు శుక్లాగారు సుమారు 400 కిలోమీటర్ల యెత్తునుండి హామ్ రేడియోలో మన విద్యార్థులతో ముచ్చటించిరి.

తల్లిదండ్రులకొక మాట. లైసెన్సు లేక ప్రసారము చేయుట నేరము. అందుచేతనే ఇందాక మన మిత్రులు పలుకగా పిల్లలు వినిరి. 1978 నాటి నియమములలో పరీక్షకు కనీస వయస్సు 12 ఏండ్లుగా నుంచిరి. తొలి శ్రేణికి మోర్సు సంకేతములు కూడ అక్కరలేదు. ఈ తరంగములపై వ్యాపారము కూడదు, ప్రతిఫలము పుచ్చుకొనరాదు. మార్కులకు, జీతమునకు లెక్కకురాని విద్య యొకటి మన పిల్లలకు నేర్పుట మంచిది కాదా?

ఇందాక మూడవ తరగతి చిన్నది హెడ్‌ఫోను పెట్టుకొని చాలసేపు గరగరలనే వినినది. విసుగుచెంది తీసివేయబోవు వేళ లీలగా ఒక గొంతు వినబడినది. “ఎవరో ఉన్నారమ్మా!” అని తల్లి చేయి పట్టుకొన్నది. నాకు 2014 నాటి ఆ రెండు మాటలు జ్ఞప్తికి వచ్చినవి.

వారమున కొక సాయంకాలము మీరును పిల్లల ప్రక్కన కూర్చుండి వినుడు. ఏటికి ఇద్దరు ముగ్గురైనను మన కుటుంబములనుండి పరీక్షకు కూర్చుండవలెనని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.