దార్జిలింగ్‌లో ఎర్ర పాండా
(ప్రేమ్ బజార్‌లో జరిగిన మన సంఘం కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



మా మనవరాలు "తాతా, పాండాని చూపించవూ" అని పట్టుబట్టింది. టీవీలో కనబడే ఆ నలుపు తెలుపు పెద్ద పాండా మన దేశంలో ఏ జూలోనూ లేదు. చైనా వాటిని ఊరికే ఇవ్వదు, ఏళ్ళ లెక్కన అప్పిస్తుంది. 2012లో సింగపూర్‌కి ఒక జంటను అలాగే పంపింది. సింగపూర్ ప్రయాణమంటే నా పెన్షన్‌కి అందని మాట. అందుకని న్యూ జల్పాయిగురి రైలెక్కి, దార్జిలింగ్ వెళ్ళి, ఎర్ర పాండాని చూసి వచ్చాం.

నిజానికి పాండా అన్న పేరు ముందు దీనిదే. శాస్త్రజ్ఞులు దీన్ని 1825లో వర్ణిస్తే, పెద్ద పాండా సంగతి వాళ్ళకు 1869లో గాని తెలియలేదు. పెద్దది ఎలుగుబంటి జాతి. ఇది వేరే కుటుంబం. ఇద్దరికీ తిండి మాత్రం వెదురే. పిల్లికంటే కాస్త పెద్దది, రాగిరంగు ఒళ్ళు, చారల తోక. కొమ్మ మీద పడుకుని మా వంక చూడనైనా చూడలేదు!

ఆ జూ 1958లో మొదలైంది. అప్పటి గవర్నర్ పద్మజా నాయుడు గారి పేరే తరవాత దానికి పెట్టారు. ఆమె హైదరాబాదులో పుట్టారు. నాన్నగారు తెలుగువారు, అమ్మ సరోజినీ దేవి బెంగాలీ. మన ఖరగ్‌పూర్ వాళ్ళకి ఇంతకంటే దగ్గర చుట్టరికం ఏముంటుంది? పక్కనే టెన్సింగ్ నార్గే శిక్షణ ఇచ్చిన పర్వతారోహణ సంస్థ. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మన తెలంగాణ బిడ్డ మాలావత్ పూర్ణ తర్ఫీదు పొందింది కూడా అక్కడే.

అసలు నేను చెప్పదలచింది ఇది. 2003లో ఆ జూలో పుట్టి పెరిగిన స్వీటీ, మినీ అనే రెండు ఆడ పాండాలను సింగలీలా అడవిలో వదిలారు. గేటు తీసి పొమ్మనలేదు. అడవికి అలవాటు చేసి, మెడకు రేడియో పట్టీ కట్టి, వెనకాలే కనిపెట్టుకుని ఉన్నారు. అయినా మినీ క్రూరమృగం వాత పడింది. స్వీటీ నిలదొక్కుకుంది, 2004లో అడవిలోనే ఈనింది.

అది వింటుంటే నాకు మనవాళ్ళే గుర్తొచ్చారు. పద్దెనిమిదేళ్ళకి యూనిఫాం వేసుకుని, బ్యూగిల్‌కి లేచి, మెస్‌లో తిని, నలభై దాటకుండానే బయటికొచ్చే జవానుకి బయటి లోకం కూడా అడవే. మొదటి ఆరు నెలలు చాలా కష్టం. రేషన్ కార్డు ఎక్కడ, పిల్లల బడి ఎక్కడ, ఉద్యోగానికి ఎవర్ని అడగాలి, ఏదీ తెలియదు. నేనూ ఆ దారినే వచ్చాను. ఒక హవల్దారు గారు నెల రోజులు సైకిలు మీద ఎక్కించుకుని నన్ను ఆఫీసులన్నీ తిప్పారు.

అందుకే మన సంఘానికి నా మనవి ఒక్కటే. ఈ ఏడు రిటైరై వచ్చే ప్రతి కుటుంబానికీ ఒక పాత కుటుంబాన్ని తోడు పెడదాం. ఆరు నెలలు చాలు. మొదటి పేరు నాదే రాసుకోండి.

జై హింద్.