టైరు వయస్సు

ఎస్.యూ.వి. అని మనము వ్యవహరించు ఎత్తైన పెద్ద కార్లు నేడు నగరములలోనే గాక చిన్న ఊళ్లలోను విరివిగా కానవచ్చుచున్నవి. ఇట్టి బండి కొన్న గృహస్థు నాలుగైదేండ్లు నిశ్చింతగా తిరుగును. అటుపిమ్మట ఒకనాడు సర్వీసునకు పోగా, మెకానిక్కు టైరు మీద చేయి నిమిరి, "గుండైపోయినవండీ, మార్చాలి" అనును. అప్పుడు కలుగు సందేహములు రెండు: ఏ టైరు కొనవలెను? కొన్నది ఎంతకాలము మన్నును? ఈ రెంటిని గూర్చియే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

రెండు టన్నుల బండి నేలను తాకునది నాలుగు అరచేతులంత చోట మాత్రమే. మలుపు తిరుగుట, వాననీటిలో బ్రేకు పట్టుట, అకస్మాత్తుగా అడ్డు వచ్చిన గేదెను తప్పించుట, అన్నియు ఆ నాలుగు అరచేతుల పనియే. గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు విధమును 1839లో కనుగొనెను. డన్‌లప్ 1888లో గాలి టైరునకు పేటెంటు పొందెను. మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరునకు పేటెంటు పొందెను. నేడు కార్లకు వచ్చునవి దాదాపు అన్నియు ఆ రేడియల్ వంశమునకు చెందినవే.

టైరు ప్రక్కన అచ్చైన అంకెలను చదువుట తెలిసినచో సగము ఎంపిక ముగిసినట్లే. ఉదాహరణకు 235/65 ఆర్ 17 104 హెచ్ అని యున్నదనుకొందము. టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు. ప్రక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు. ఆర్ అనగా రేడియల్. 17 అంగుళముల రిమ్మునకు సరిపోవును. 104 అను సంకేతమునకు ఒక్కొక్క టైరు 900 కిలోల బరువు మోయగలదని అర్థము. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్ల వేగమునకు తట్టుకొనునని. చాలమంది కొలత మూడంకెలు చూచి, ఈ చివరి రెంటిని విడిచిపెట్టుదురు. అదే కొలతలో 98 సంకేతము గల టైరు చవుకగా దొరికినదని సంతోషింపరాదు. అది మోయునది 750 కిలోలే. ఏడుగురు మనుష్యులు, పైన సామాను వేసికొని పెండ్లికి పోవు బండికి ఆ భేదము స్వల్పము కాదు.

బండి గంభీరముగా కనబడవలెనని వెడల్పైన టైర్లు వేయించు వేడుక యువకులలో ఎక్కువగా నున్నది. 235 బదులు 255 వేసి, తక్కిన అంకెలు అట్లే యుంచినచో చక్రము వ్యాసము సుమారు 737 నుండి 763 మిల్లీమీటర్లకు పెరుగును. స్పీడు ముల్లు వంద చూపునప్పుడు బండి నిజముగా నూట మూడున్నర పోవుచుండును. మలుపులో టైరు లోపలి రేకులను రాచుకొనవచ్చును కూడ. బండి తయారుచేసినవారు తలుపు చెంత అంటించిన చీటీలో ఏ కొలతలున్నవో వానినే కొనుట మేలని మా అభిప్రాయము.

ఇక జాతులు మూడు. తారురోడ్డునకు ఉద్దేశించినవి హెచ్.టి.; రోడ్డునకు, మట్టిబాటకు మధ్యస్థముగా నుండునవి ఏ.టి.; బురదకు ప్రత్యేకించినవి ఎం.టి. ఇంటి నుండి ఆఫీసునకు, పండుగకు హైదరాబాదు నుండి విజయవాడకు తిరుగు బండికి హెచ్.టి. చాలును. అది చప్పుడు తక్కువ, ఇంధనము ఆదా, తడిరోడ్డుపై పట్టు ఎక్కువ. చెరకుతోటలకు, రొయ్యలచెరువుల గట్లకు నిత్యము పోవువారికి ఏ.టి. తగును. ఎం.టి. టైర్లతో పట్టణములో తిరుగుట నాగలితో వీధి ఊడ్చుట వంటిది.

ఎంతకాలము మన్నునను ప్రశ్నకు కిలోమీటర్లతో మాత్రమే జవాబు చెప్పుట మన అలవాటు. గాలి, అలైన్‌మెంటు సరిగా చూచుకొనువారికి నలుబది, ఏబది వేల కిలోమీటర్లు వచ్చుట కద్దు. టైరు గాడుల నడుమ చిన్న దిమ్మెలుండును. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు అరిగి ఆ దిమ్మెలతో సమమైనచో టైరు ఆయువు తీరినట్లే. కాని వానకాలములో గాడి నీటిని వెలికి నెట్టవలెను గనుక, 3 మిల్లీమీటర్లు మిగిలియుండగనే మార్చుట క్షేమమని మేము తలంతుము. నడుమ మాత్రము అరిగినచో గాలి ఎక్కువైనదని, రెండంచులు అరిగినచో తక్కువైనదని, ఒక్క అంచే అరిగినచో అలైన్‌మెంటు తప్పినదని గ్రహింపవలెను.

కిలోమీటర్లకు అందని రెండవ లెక్క సంవత్సరములది. రబ్బరు ఎండకు, గాలిలోని ఆక్సిజనునకు నానాటికి బిరుసెక్కును. బండి నడుచునప్పుడు రబ్బరులోని రక్షక ద్రవ్యములు పైకి వచ్చి బీటలను ఆపును. షెడ్డులో కదలక నిలిచిన బండికి ఆ భాగ్యము లేదు. విదేశములోని కుమారుడు కొనియిచ్చిన కారును తల్లిదండ్రులు నెలకొకసారి గుడికి మాత్రము తీయుచుందురు. గాడులు క్రొత్తవాని వలెనే యుండును. ప్రక్కగోడలపై సన్నని బీటలుండును. అట్టి టైరు చూపునకు దృఢము, వేగమునకు ప్రమాదకరము. డి.ఓ.టి. అను అక్షరముల వరుస చివర నాలుగంకెలుండును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదన్నమాట. ఈ అంకెలు ఒక్కొకప్పుడు లోపలి వైపున నుండును; వంగి చూడక తప్పదు. ఆరేండ్లకు మార్చుడని కొన్ని కార్ల కంపెనీలు, పదేండ్లు దాటరాదని పలు టైర్ల కంపెనీలు చెప్పుచున్నవి. మన ఎండలకు మొదటి లెక్కయే తగునని మా అభిప్రాయము.

ఎండ మాట వచ్చినది గనుక అమెరికాలో జరిగిన ఒక ఉదంతమును చెప్పవలెను. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచినది. వానిలో అధికము ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అను ఎస్.యూ.వి.లకు వేసినవి. వేగముగా పోవుచుండగా టైరు పైపొర ఊడిపోవుట, ఎత్తైన బండి పల్టీ కొట్టుట జరిగి, రెండు వందలకు పైగా జనులు మరణించిరి. ఈ ప్రమాదములు టెక్సాస్, ఆరిజోనా, ఫ్లారిడా వంటి వేడి రాష్ట్రములలో ఎక్కువ. ఫోర్డ్ సూచించిన గాలి 26 పౌండ్లు. అది చాలదని టైర్ల సంస్థ, దోషము టైరుదేనని కార్ల సంస్థ వాదులాడుకొనినవి. టైరులోని ఉక్కు పట్టీల అంచున పగుళ్లు పుట్టుచున్నవని 2001లో ప్రభుత్వ శాఖ తేల్చినది. ఆ దుర్ఘటనల ఫలముగా వచ్చిన చట్టము వలననే గాలి తగ్గినచో దీపము వెలిగించు సాధనము అక్కడి క్రొత్త కార్లలో తప్పనిసరియైనది.

మనలో కొందరు వేసవిలో టైరు పేలునను భయముతో గాలి తగ్గించుదురు. ఇది తలక్రిందుల వైద్యము. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టునకు ఎక్కువగా నలిగి, ఆ నలుగుటచేతనే వేడెక్కును. వేడి పది డిగ్రీలు పెరిగినచో ఒత్తిడి ఒకటిన్నర, రెండు పౌండ్లు పెరుగుట సహజము. ఆ పెరుగుదలను లెక్కించియే చీటీలోని అంకె వ్రాయబడినది. కనుక తెల్లవారి బండి కదలకమునుపే గాలి చూడవలెను. పెట్రోలు బంకులోని కుర్రవాడు, "ఎన్ని పాయింట్లు సార్?" అని అడిగినప్పుడు ఆ చీటీలోని అంకె చెప్పిన చాలును.

నాలుగింటికి సొమ్ము చాలక రెండే కొన్నవారు క్రొత్తవానిని వెనుక చక్రములకు వేయించుకొనవలెను. ముందు వేయుటయే ఆచారముగా నున్నది గాని, తడిరోడ్డుపై వెనుక చక్రములు జారినచో బండిని నిలుపుట సామాన్యులకు సాధ్యము కాదు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు బండ్లకు మాత్రము నాలుగు టైర్లును ఒకే కొలతలో, ఒకే తీరున అరిగియుండుట అవసరము. లేనిచో లోపలి గేర్లకు చేటు. దుకాణములో బిగించుటకు ముందే తయారీ వారమును చూచి, రెండేండ్లు గోదాములో నున్న సరుకైనచో మర్యాదగా వేరొకటి అడుగవచ్చును. అట్లే వెనుక దాగియున్న స్టెపినీని కూడ దింపించి దాని నాలుగంకెలు చదివించవలెను. ఒక్క మైలైన తిరుగకుండనే దానికిని ఏండ్లు నిండుచుండును.