రేడియో విమానక్రీడ



నా మాటను మీ చెవిని జేర్చు రేడియో తరంగముల వంటివే, బాలుని చేతి పెట్టెనుండి వెడలి, మింట బొమ్మ విమానమును నడుపగలవు. 1898లో న్యూయార్కునందు నికోలా టెస్లా వీనితోనే చిన్న పడవను నడిపి చూపెను.

అనకాపల్లి చెంత వరికోతలైన పిదప ఈ క్రీడకు చోటు కొరవడదు. కాని తొలుతనే యంత్రము కొనరాదు. థర్మకోలుతో ఱెక్కలు చేసి చేతితో విసరవలయును. ముక్కున బరువు చాలనిచో అది పైకి లేచి, ఆగి, కూలును. ఱెక్క వెడల్పున ముందంచునుండి నాల్గవ వంతునకును మూడవ వంతునకును నడుమ తూకము నిలిచినచో సాఫీగా సాగును. ఈ తూకము తెలిసిన పిమ్మటనే మోటారు.

విమానము ఎదురుగా వచ్చునప్పుడు కుడియెడమలు తారుమారై తోచును. అప్పుడు ఏ వైపు ఱెక్క వంగినదో ఆ వైపునకే మీటను త్రోసినచో ఱెక్క లేచును.

తిరుగు పంకా వ్రేలిని కోయును. జనులపైనను, పశువులపైనను, కరెంటు తీగల చెంతను ఎగురవేయరాదు. 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము బొమ్మ విమానము కంటిచూపు దాటరాదు. విమానాశ్రయముల చుట్టు ఆంక్షలు కలవు గావున ప్రభుత్వ గగనపటమును ముందుగా చూడవలయును.

పెద్దలారా, ఱెక్క విరిగినచో బాలుని కసరక, ఏల విరిగెనో అడుగుడు. ఆ సమాధానమును వెదకుటయే ఈ విద్య.