ఎలర్జీ మందులు: దేనికి భయపడాలి? దేనికి భయపడనక్కరలేదు?

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా మన పాఠశాల ఆవరణలో జరిగిన తల్లిదండ్రుల సదస్సునందు పూర్వవిద్యార్థి అయిన వైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లుగా బెంగుళూరు నగరంలో తెలుగు పలుకును కాపాడుతూ వచ్చిన ఈ బడిలో, వైద్య విషయాన్ని తెలుగులోనే చెప్పే అవకాశం లభించడం నా అదృష్టం. నాకు అప్పగించిన విషయం ఎలర్జీ మందులు. ఖాళీ స్థలాలలో పెరిగే వయ్యారిభామ మొక్కల పుప్పొడి, పరుపులలో చేరిన ధూళి పురుగులు, గోడల చెమ్మలో పుట్టే బూజు మన ఇండ్లలో ఎందరినో బాధిస్తున్నవి. అందుచేత ఈ మందులలో ఏదో ఒకటి చాలా ఇండ్లలో ఉంటుంది. అయితే వీటి విషయంలో మన భయాలు తలక్రిందులుగా ఉన్నవి. భయపడవలసిన మందును నిర్భయంగా మ్రింగుతున్నాము. మేలు చేసే మందును చూచి వెనుకాడుతున్నాము. నేను ఈనాడు చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

ఎలర్జీ అనే పదాన్ని 1906లో ఆస్ట్రియా దేశపు శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించారు. మనకు అంతకంటె చక్కని మాట ముందునుంచే ఉన్నది. "నాకు రొయ్యలు పడవు", "ఆ దుమ్ము నాకు పడదు" అంటాము. రాత్రివేళ వచ్చిన చుట్టాన్ని చూచి దొంగ అనుకొని కావలివాడు ఊరినంతా లేపినట్లు, హాని చేయని పుప్పొడిని చూచి మన రక్షణ వ్యవస్థ శత్రువు అనుకొంటుంది. అప్పుడు కొన్ని కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద, దద్దుర్లు ప్రధానంగా దాని పనులే.

నిద్ర తెచ్చే మందు, నిద్ర తేని మందు

విందులో ఒకరికి వేసిన పీట మీద మరొకరు ముందే కూర్చుంటే వచ్చినవారు నిలబడి పోవలసిందే కదా! యాంటీ హిస్టమిన్ మందులు చేసే పని అదే. హిస్టమిన్ కూర్చోవలసిన చోట ముందుగా తాము కూర్చుంటాయి. కనుక బాధ ముదిరిన తరువాత కంటె ముందుగా వేసుకొన్నప్పుడే ఇవి బాగా పనిచేస్తాయి. ఈ తరహా మందులకు 1937లో దారి చూపిన డేనియల్ బోవేకు 1957లో నోబెల్ బహుమతి లభించింది.

వీటిలో పాత తరం మందులైన ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ మెదడులోనికి చొరబడి మత్తు కలిగిస్తాయి. జలుబు సిరప్పులు అనేకం వీటితో చేసినవే. రాత్రి సిరప్ త్రాగిన పిల్లవాడు హాయిగా నిద్రపోయాడని తల్లి సంతోషిస్తుంది. కాని ఆ మత్తు మరునాటి ఉదయం దాకా మిగిలి ఉండవచ్చు. మొదటి పీరియడ్‌లో తూలే విద్యార్థిని సోమరి అని గద్దించే ముందు, అతడు ఏ మందు వాడుతున్నాడో కనుక్కోవలసినదిగా ఉపాధ్యాయులను కోరుతున్నాను. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని భారత ఔషధ నియంత్రణాధికారులు 2023 డిసెంబరులో హెచ్చరించారు.

తరువాత వచ్చిన లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మెదడును అంతగా తాకవు. సెటిరిజిన్ కొందరికి కొంత మత్తు కలిగిస్తుంది. ఫెక్సోఫెనడిన్‌ను పండ్ల రసంతో తీసుకొంటే ఒంటికి సరిగా పట్టదు, నీటితోనే మ్రింగాలి.

ముక్కు మందులు రెండు విధాలు

ముక్కు దిబ్బడకు వాడే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు నిమిషాలలో ఊపిరి ఆడేటట్లు చేస్తాయి. అందుకే వాటిపై మనకు మోజు. కాని నాలుగైదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికంటె బిగుసుకొంటుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ బిగుసు; ఈ విధంగా నెలల తరబడి సీసాకు బానిసలైనవారు ఉన్నారు.

రెండవది మోమెటజోన్, ఫ్లూటికజోన్ వంటి స్టిరాయిడ్ స్ప్రే. ఇది వెంటనే ఫలితం చూపదు. పూర్తి గుణం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. స్టిరాయిడ్ అనే పేరు విని కొందరు, రెండు రోజులలో తగ్గలేదని మరికొందరు దీనిని మానివేస్తారు. నిజానికి రోజూ బాధించే ముక్కు ఎలర్జీకి ఇది మాత్రల కంటె మేలైన మందు. మందు ముక్కు పొరపైనే పనిచేస్తుంది. రక్తంలో చేరేది అత్యల్పం. తలను కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమచేతితో, ఎడమ ముక్కులో కుడిచేతితో, మధ్యగోడకు తగలకుండా బయటివైపుకు కొట్టుకోవాలి.

అసలు భయపడవలసినది

స్ప్రేకు భయపడినవారే, చీటీ లేకుండా మందుల షాపులో బీటామెథజోన్, డెక్సామెథజోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు కొని వేసుకొంటున్నారు. ఇవీ స్టిరాయిడ్లే. ధర తక్కువ, గుణం వెంటనే. వైద్యుని పర్యవేక్షణలో కొద్దిరోజులు వాడితే ఇవి ప్రాణదాతలే. సొంతంగా నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు బలహీనమవుతాయి, పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది. మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు తమ పని మరచిపోతాయి. అందుచేత మూడు వారాలకు మించి వాడినవారు ఒక్కసారిగా మానడం కూడ ప్రమాదమే.

ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్ విషయమూ ఇంతే. "అలవాటైపోతుంది" అని పెద్దలు వారిస్తారు. ఇన్‌హేలర్ వలన వ్యసనం కలుగదు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది గనుక మైక్రోగ్రాముల లెక్కన చాలుతుంది. సాల్బుటమాల్ అప్పటికప్పుడు ఆయాసాన్ని తగ్గించేది. బుడెసొనైడ్ వంటిది లోపలి వాపును అణచి, ఆయాసం రాకుండా ఆపేది. మొదటి దానితో మాత్రమే కాలం గడపరాదని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు పెద్దలకు, కౌమారదశలోని వారికి 2019 నుంచి చెబుతున్నవి. స్టిరాయిడ్ పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి.

ఎలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్రతో కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు కలుగవచ్చునని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక జారీ చేసింది. మందు మొదలుపెట్టిన తరువాత పిల్లల ప్రవర్తన మారితే వైద్యునికి వెంటనే చెప్పాలి.

వయ్యారిభామ తగిలి చర్మం పొక్కి, పగిలి, రసి కారడం వేరు జాతి ఎలర్జీ. అందులో హిస్టమిన్ పాత్ర స్వల్పం కనుక దురద మాత్రలతో అది నయం కాదు; వైద్యుడు సూచించిన పూతమందు కావాలి. శ్రమదానం పేరిట పిల్లలచేత ఆ మొక్కలను ఒట్టిచేతులతో పీకించవద్దని మనవి.

ప్రాణం నిలిపే సూది

తేనెటీగ కుట్టినా, వేరుసెనగ తిన్నా, పెన్సిలిన్ సూది వేసినా కొందరికి నిమిషాలలో ప్రాణం మీదికి రావచ్చు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బొంగురు, ఆయాసం, వాంతులు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. దద్దుర్లు లేకుండానే కూడ రావచ్చు. అప్పుడు దురద మాత్ర ఇచ్చి కాచుకొని కూర్చోవడం ప్రాణాంతకం. ఆ మాత్ర పడిపోతున్న రక్తపోటును నిలుపలేదు, మూసుకొంటున్న గొంతును తెరువలేదు. ఆ పని చేయగలిగినది తొడ బయటివైపు కండరంలోనికి ఇచ్చే అడ్రినలిన్ సూది ఒక్కటే. వెంటనే 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. రోగిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టవచ్చు, లేపి నడిపించరాదు. తేరుకొన్నా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, ఎందుకంటే అది తిరిగి రావచ్చు.

చివరగా రెండు విన్నపాలు. ఏ పిల్లవానికి ఏది పడదో తెలిపే పట్టిక ఒకటి పాఠశాల కార్యాలయంలో ఉండాలి. ఏటేటా బడి తెరిచిన రోజులలో దానిని తల్లిదండ్రులు సరిచూచి సంతకం చేయాలి. రెండవది ఇంటి పని. మందు డబ్బాలపై అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో అవి చదవడం రాకపోవచ్చు. వైద్యుని అడిగి, ప్రతి డబ్బా మీద మూడు మాటలు తెలుగులో వ్రాయండి: ఇది బాధ తగ్గించేదా, రాకుండా ఆపేదా? ఎన్ని రోజులు వాడాలి? నిద్ర తెస్తుందా? ఈ బడి నేర్పిన అక్షరాలు అందుకు చాలును.